కాకతీయుల చెరువులు – వలసపక్షులు : ఓరుగల్లు సీమ నీటి చరిత్రలో ఒక పరిశీలనము

ఓరుగల్లు సీమ చెరువుల సీమ. ఈ సీమలోని చెరువులను గూర్చి మన చరిత్రకారులు వ్రాసినది కొంచెము కాదు. శాసనములను వెలికిదీసి చదివిన పండితులు చెరువును రాజధర్మముగను, సప్తసంతానములలో నొకటిగను, పన్నులకు ఆధారముగను, దేవాలయమునకు అంగముగను పరిశీలించిరి. కాని చెరువు నాశ్రయించి బ్రతికిన ప్రాణులలో మనుష్యుడొక్కడే కాడు. ఏటేట కార్తీకమాసము నాటికి హిమాలయములకు ఆవలినుండి వచ్చి, ఫాల్గుణ చైత్రములలో మరలిపోవు పక్షులకును ఈ చెరువులే విడిదులు. ఆ పక్షుల మాట మన చరిత్రలలో కానరాదు. చెరువు చరిత్రయే పక్షి నివాసపు చరిత్ర యనియు, ఒకదానిని విడిచి రెండవదానిని గ్రహింప వీలులేదనియు నిరూపించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము. ఇందుకు పూర్వపు వరంగల్లు జిల్లానుండి 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలను ప్రధానక్షేత్రముగా గైకొంటిమి. 2019లో భూపాలపల్లినుండి వేరుపడిన ములుగు జిల్లాను, పొరుగుననున్న పాకాలను అవసరమైనచోట స్పృశించితిమి.

మొదట ఈ నేలయొక్క స్వభావమును తెలిసికొనవలెను. జనగామ మెట్టభూమి. గోదావరీ కృష్ణా నదుల పరివాహములకు నడిమి మిట్ట. రాతినేల, వాన తక్కువ. మహబూబాబాదు నేల మున్నేరు, ఆకేరు మున్నగు ఏరుల ద్వారా కృష్ణవైపు వాలినది. భూపాలపల్లి అడవులతో, వాగులతో గోదావరివైపు వాలినది. మూడింటను స్వయముగా ఏర్పడిన పెద్ద సరస్సు లేదు. కొల్లేటివలె, పులికాటువలె ప్రకృతి యిచ్చిన జలాశయ మిచ్చట లేదనుట ముఖ్యము. ఈ సీమలో పక్షి దిగుటకు నీరున్నదనగా, ఎప్పుడో ఎవరో కట్టవేసి నిలిపిన నీరే. కావున ఇచ్చటి చిత్తడినేలలు మనుష్యుని చేతిపని. వాని పుట్టుకకు తేదీలు గలవు, కర్తలు గలరు, శాసనములు గలవు.

కాకతి గణపతిదేవుడు క్రీ.శ. 1199 మొదలు 1262 వరకు పాలించెను. ఈ చెరువులలో ప్రసిద్ధములైనవి పెక్కులు ఆ కాలమునకు చెందినవి. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన ఆలయమునకు చేరువనే రామప్ప చెరువు గలదు. ఆ ఆలయము 2021లో యునెస్కో వారి ప్రపంచవారసత్వ పట్టికకు ఎక్కెను. పాకాల చెరువును గణపతిదేవుని మంత్రియగు జగదాల ముమ్మడి కట్టించెను. భూపాలపల్లి జిల్లాలోని ఘనపురము చెరువు రాజుపేరనే గణపసముద్రమైనది. దాని చెంతనే కోటగుళ్లు గలవు. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువు గణపతిదేవుని సోదరియు, నతవాడి రుద్రుని భార్యయునైన మైలాంబ కట్టించినది. దానికి ధర్మకీర్తిసముద్రమని పేరు. ఆ చెరువు శాసనము కాకతీయుల వంశమును వెన్నరాజునుండి వర్ణించుటచే చరిత్రకారులకు మిక్కిలి విలువైనదైనది. వంశావళికై ఆ శాసనమును చదివినవారు పలువురు. అది యే నీటియొడ్డున నిలిచినదో ఆ నీటిని గూర్చి ఆలోచించినవారు కొలదిమంది.

చెరువు కట్టుటకు నాటివారికి శాస్త్రము గలదు. ఓరుగల్లునకు దూరమైనను, ఆ శాస్త్రమును మనకు స్పష్టముగ తెలుపునది కడపసీమలోని పోరుమామిళ్ల శాసనము. దానిని బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించెను. ఆ చెరువు పనిలో దినమునకు వేయిమంది చొప్పున రెండేండ్లు పనిచేసిరని అందు గలదు. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, చెరువునకు కలుగు ఆరు దోషములను ఆ శాసనము పేర్కొనుచున్నది. ఆ దోషములలో ఒకటి గమనింపదగినది: నీరు కొలదియై, దానితో పండింపవలసిన భూమి విస్తారమగుట. దీనికి ప్రతియైన దోషము, నీరెక్కువై భూమి తక్కువగుట. నీటికిని సాగునకును గల పొత్తు చెడిన చెరువు దోషభూయిష్ఠమని ఆరున్నర శతాబ్దములకు పూర్వమే మనవారు నిర్ణయించిరి. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. మన నేటి కథ యంతయు ఆ రెండు దోషములను చుట్టియే తిరుగుచున్నది.

ఇక పక్షుల విషయమున మనకు గల ఆధారములెట్టివి? తెలుగు సాహిత్యవిద్యార్థులకు వెంటనే స్ఫురించునవి కావ్యములలోని సరోవర వర్ణనలు. జనగామ జిల్లాలోని బమ్మెర పోతనగారి ఊరని ప్రతీతి. గజేంద్రమోక్షణమున ఆ కవి వర్ణించిన సరోవరములోని పక్షులు బమ్మెర చెరువులోని పక్షులే యని యూహించుట మనసునకు ఇంపుగానుండును. కాని చారిత్రకుడట్లు తొందరపడరాదు. సంస్కృత భాగవతమున అష్టమస్కంధములో ఆ సరస్సు వర్ణింపబడినచోటనే హంసలు, కారండవములు, చక్రవాకములు, సారసములు గలవు. అనగా ఆ పక్షుల పట్టిక మూలమునుండి వచ్చినది. చెరువునుండి వచ్చినది కాదు. కావ్యములలోని పక్షిగణమును చాలవరకు కవిసమయముగనే గ్రహింపవలెను.

అయినను కవిసమయము వట్టి కల్పన యనుటయు సరికాదు. వర్షర్తువున హంసలు మానససరోవరమునకు పోవుననియు, శరత్తున మరలివచ్చుననియు ఒక కవిసమయము గలదు. మేఘసందేశమున కాళిదాసు దీనిని వాడెను. తలపై రెండు నల్లని అడ్డచారలుగల బార్‌హెడెడ్ గూస్ అను పెద్దబాతు టిబెట్టు, మంగోలియా, చైనాలోని ఎత్తైన సరస్సులయొద్ద గ్రుడ్లుపెట్టి, శీతకాలమున హిమాలయములను దాటి భారతదేశపు చెరువులకు వచ్చును. దక్కను చెరువులును దాని విడిదులే. వానలకు ముందే, మార్చి ఏప్రిలు మాసములలోనే, అది మరలిపోవును గనుక కవిసమయమునకును అనుభవమునకును కొన్ని నెలల తేడా గలదు. కాని శరత్తు చివర రాకయు, ఉత్తరపు ఎత్తునేలలకు పోకయు సరిపోవుచున్నవి. కె.ఎన్. దవే 1985లో ప్రకటించిన ‘బర్డ్స్ ఇన్ సంస్కృత్ లిటరేచర్’ అను గ్రంథము ఇట్టి పోలికలను విపులముగ చర్చించినది. అట్లే మన జక్కవ, అనగా చక్రవాకము, రడ్డీ షెల్డక్ అను వలసబాతే యని పక్షిశాస్త్రజ్ఞులు గుర్తించిరి. ప్రాచీనులు చూచిరి, చూచినదానికి కథను చేర్చిరి. చూపును కథనుండి వేరుచేయుట మన పని.

శాస్త్రీయమైన పరిశీలన ఈ సీమకు ఆలస్యముగ వచ్చెను. 1931-32లో సాలీం అలీ నిజాము రాజ్యమున పక్షులను పరిశీలించి, ఆ ఫలితములను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగ ప్రకటించెను. తెలంగాణపు పక్షుల చరిత్ర వ్రాయదలచినవారికి అదియే మొదటి మెట్టు. 1987 మొదలు ఏటేట జనవరిలో ఆసియా నీటిపక్షుల గణనము జరుగుచున్నది.

ఇచ్చట ఒక ప్రజాభ్రాంతిని తొలగింపవలెను. పెద్దకొంగలు గుంపులుగ ఊరికి వచ్చినచో వానిని సైబీరియా పక్షులనుట మనయందు వాడుక. తేలినీలాపురము, ఉప్పలపాడు, వీరాపురము మున్నగు గ్రామములలో చెట్లపై గూళ్లుకట్టు ఎర్రకాళ్ల కొంగలు, మరికొన్నిచోట్ల కానవచ్చు నత్తగుల్ల కొంగలు, గూడబాతులు సైబీరియానుండి వచ్చునవి కావు. అవి మన దేశపు పక్షులే. నీటిని వెదకికొనుచు ఒక సీమనుండి మరియొక సీమకు పోవును. దూరదేశపు పక్షి ఇచ్చట గూడుకట్టదు. తిండికై వచ్చి పోవును. ఈ భేదము నామమాత్రము కాదు. గూడుకట్టు పక్షికి చెరువులో తుమ్మచెట్టు, ఊరిలో చింతచెట్టు కావలెను. దూరపు వలసబాతునకు లోతులేని నీరు, గడ్డి, గింజ కావలెను. ఉల్లంకులకు నీరు తీసిన తడిబురద కావలెను. ఒకే చెరువు ఈ అందరికిని ఎట్లు చాలెను?

దీనికి సమాధానము చెరువుయొక్క సంవత్సరచక్రమున గలదు. వానలకు చెరువు నిండును. బతుకమ్మ పండుగనాటికి నీరు కట్టను ఒరసికొని యుండును, మత్తడి పోయుచుండును. ఆ పిమ్మట తాబి పంటకు నీరటి తూము తెరచును. దినదినమును నీరు కొలది కొలదిగ తగ్గును. నీరు వెనుకకు జరిగినకొలది శిఖము బయటపడును: మొదట మోకాలిలోతు నీరు, తరువాత బురద, ఆపై పచ్చగడ్డి. ఉత్తరమునుండి పక్షులు వచ్చునదియు సరిగా ఆ దినములలోనే. అక్టోబరు నవంబరులలో వచ్చిన పక్షికి అంచునందు నీరు, జనవరిలో బురద, మార్చిలో గడ్డి లభించెను. వరి కోసిన పొలములలో రాలిన గింజయు తోడయ్యెను. రైతు తూమును తెరచినది పక్షికై కాదు. కాని రైతు పంచాంగమును పక్షి పంచాంగమును ఒక్కటే యయ్యెను. గొలుసుకట్టుగా ఒక చెరువు మత్తడి నీరు క్రింది చెరువునకు చేరుటచే, ఒకటి ఎండినను మరియొకదానిలో నీరుండెను. ఈ చెరువుల సమూహమే యొక పెద్ద సరస్సు పని చేసినది.

ఈ చక్రమును నడపినది శాస్త్రమొక్కటియే కాదు, ఒక సామాజికవ్యవస్థ. చెరువు మరమ్మతునకై దశబంధ మాన్యములుండెను. నీటిని పంచుటకు నీరటి యుండెను. ఆ వ్యవస్థను కేవలము పొగడుటయు న్యాయము కాదు. పూడిక తీయుట, కట్ట మరమ్మతు మున్నగు పనులలో వెట్టి గలదు. జనగామ ప్రాంతములోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణము పోవుటకు కారణమైన దొరల పాలనలో నీటిపై అధికారమును ఒక భాగమే. 1949లో జాగీరుల రద్దు, పిమ్మట గ్రామాధికారుల వంశపారంపర్య హక్కుల రద్దు న్యాయమైన మార్పులు. కాని పాత ఏర్పాటు పోయినచోట, చెరువును కనిపెట్టియుండు క్రొత్త యేర్పాటు అంత దృఢముగ నిలువలేదు. కాలువలు పూడెను; శిఖములు ఆక్రమణ పాలయ్యెను.

ఆ కాలముననే భూగర్భజలము ముందునకు వచ్చెను. మోటబావి పోయి కరెంటు మోటారు, పిమ్మట బోరుబావి వచ్చెను. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు, 2018 జనవరి 1 మొదలు తెలంగాణలో ఇరువదినాలుగు గంటల సరఫరా ఏర్పడెను. జనగామవంటి మెట్టసీమలో రైతును అప్పులనుండి కొంత గట్టెక్కించినది ఈ నీరే యనుటలో సందేహము లేదు. కాని నల్లరాతి నేలలో భూగర్భజలము పగుళ్లలో నిలుచునది, కొలది. అది క్రిందికి దిగినకొలది చెరువులోని నీరు అడుగునుండి ఎక్కువగ ఇంకును. వాగులలో వానల తరువాత పారు ఊట తగ్గును. తూము తెరువకయే చెరువు జనవరికి ఎండును. పోరుమామిళ్ల శాసనము చెప్పిన దోషము, నీరు కొలదియై సాగు విస్తారమగుట, ఒక్క చెరువునకు కాక సీమకంతకును సంక్రమించినది. ఫాల్గుణము వరకు నిలువవలసిన బాతునకు పుష్యమాసముననే నీరు కరవైనది.

దీనికి విరుగుడుగ రెండు మహాప్రయత్నములు జరిగినవి. ఒకటి నదీజలములను ఎత్తిపోయుట. గంగారమువద్ద గోదావరినుండి నీటినెత్తు దేవాదుల పథకము జనగామ మెట్టకు నీరు తెచ్చినది. రెండవది 2015 మార్చి 12న ప్రారంభమైన మిషన్ కాకతీయ. రాష్ట్రములోని నలుబదియారువేలకు పైబడిన చెరువులను బాగుచేయుట దాని సంకల్పము. కాకతీయుల పేరున వారి చెరువులనే పునరుద్ధరించుట చరిత్రవిద్యార్థులకు సంతోషకరమైన విషయము. రైతునకు పూడికమట్టి ఎరువైనది; చాలచోట్ల కట్టలు, తూములు బాగుపడెను.

అయినను పక్షి దృష్టినుండి చూచినచో ప్రశ్నలు మిగులును. యంత్రముతో అంచువరకు ఒకే లోతున త్రవ్విన చెరువునకు వాలుగట్టు ఉండదు, మోకాలిలోతు నీరుండదు. నడిమి దిబ్బలను, తుమ్మలను తొలగించినచో గూటికి చోటుండదు. పైమట్టితోపాటు నీటిమొక్కల గింజలును పోవును. ఎత్తిపోసిన నీటితో ఏడాది పొడవునను నిండియుండు జలాశయము లోతునీటిలో మునిగి తిను బాతులకు అనుకూలమే. కాని తడిబురదలో పురుగులనేరు ఉల్లంకికి అందేమియు లేదు. 2016-17 మొదలు ప్రభుత్వము ఉచితముగ చేపపిల్లలను వదలుట మత్స్యకారులకు ఆధారమైనది. నిండుచెరువు వారికిని కావలెను. ఇది శాసనకారుడు చెప్పిన రెండవ దోషము, నీరెక్కువగుట, క్రొత్త రూపమున వచ్చుట. ఎండిన చెరువును, ఎన్నడును తగ్గని చెరువును పక్షికి ఒక్కవిధముగనే చేటు. దానికి కావలసినది నీటి పరిమాణము కాదు, నీటి గమనము.

ఈ స్థితిలో శీతోష్ణస్థితి మార్పు వచ్చి చేరినది. మధ్యభారతమున విస్తృతమైన అతివృష్టి ఘటనలు 1950 మొదలు 2015 వరకు సుమారు మూడింతలైనవని రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 2017లో ప్రకటించిరి. ఆ మాటకు మన సీమ సాక్ష్యము చెప్పినది. 2023 జూలై చివరివారమున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినములో 649.8 మిల్లీమీటర్లు, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు వాన కురిసెను. మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామము మునిగెను, ప్రాణనష్టము కలిగెను. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు మహబూబాబాదు జిల్లాలో ఆకేరు పొంగెను. కేసముద్రము, ఇంటికన్నె స్టేషనులనడుమ రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయెను. మాసముల తరబడి కురియవలసిన వాన దినములలో కురిసినచో, చెరువు దానిని పట్టలేదు. కట్ట తెగును, లేదా మత్తడిమీదుగ పోవును. పిమ్మట వచ్చు ఎండలకు ఆవిరి హెచ్చును. వానను మెల్లగా పట్టి మెల్లగా వదలుటకై కట్టబడిన గొలుసుకట్టు వ్యవస్థకు ఇది మూలమునే కదల్చు మార్పు. పక్షికి రెండవ చివరనుకూడ చిక్కు గలదు. అది గ్రుడ్లుపెట్టు ఉత్తరదేశములును వేడెక్కుచున్నవి. మంచు కరగు కాలము మారినచో ఆ పక్షి పయనకాలమును మారవలసివచ్చును. మారిన పయనమునకు మన చెరువుల మారిన నీరు కలిసివచ్చునా యనునది ప్రశ్న.

ఈ మార్పునకు మూలమైన పొగ ఎక్కడనో దూరమున లేదు. గణపసముద్రమున్న మండలమునందే చెల్పూరు గ్రామమున కాకతీయుల పేరనే బొగ్గు విద్యుత్కేంద్రము గలదు. దాని మొదటి భాగము, 500 మెగావాట్లది, 2010లో పనిచేయనారంభించెను. 2016లో 600 మెగావాట్ల రెండవ భాగము చేరెను. బొగ్గు భూపాలపల్లి సింగరేణి గనులది. ఆ విద్యుత్తు మోటారును నడపును, మోటారు నీటినెత్తును, పొగ వానను మార్చును. పదమూడవ శతాబ్దపు కాకతీయ నిర్మాణమును, ఇరువదియొకటవ శతాబ్దపు కాకతీయ నిర్మాణమును ఒకే మండలములో నుండుట చరిత్రకారునకు గొప్ప పాఠము. దీనిలో దోషము ఒక్కరిపై మోపునది కాదు. ఆ వెలుగున చదువుకొన్నవారమే మేమును.

చివరగ చట్టపు విషయము. 1971లో రామ్‌సార్ నగరమున కుదిరిన ఒడంబడిక చిత్తడినేల యనగా సహజమైనదైనను, కృత్రిమమైనదైనను కావచ్చునని స్పష్టముగ నిర్వచించినది. భారతదేశము 1982లో అందు చేరెను. కొల్లేరు 1999లో అభయారణ్యమై, 2002లో ఆ ఒడంబడిక పట్టికకు ఎక్కెను. 2006లో అక్కడి చేపల చెరువుల కట్టలను ప్రభుత్వము తొలగించెను. 2010 నాటి భారతప్రభుత్వపు చిత్తడినేలల నియమావళి చెరువులను పేరుపెట్టి చేర్చినది. దేశములోని 2,01,503 చిత్తడినేలలను కాపాడవలెనని 2017 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు ఆదేశించినది. కాని అదే సంవత్సరము సెప్టెంబరులో వచ్చిన క్రొత్త నియమావళి, సాగునీటికై ప్రత్యేకముగ నిర్మించిన కట్టడములను నిర్వచనమునుండి మినహాయించినది. ఈ మాటను అక్షరశః పట్టుకొన్నచో ధర్మకీర్తిసముద్రము, గణపసముద్రము, రామప్ప, పాకాల చిత్తడినేలలే కాకపోవును. ఎనిమిది శతాబ్దములు పక్షికి నీడయైన నీరు, ఒకప్పుడు మైలాంబ వరిమడికై కట్టించినదను కారణమున, చట్టమునకు కానరానిదగును. కట్టినవారి ఉద్దేశమునుబట్టి నీటి స్వభావమును నిర్ణయించుట చరిత్రకు విరుద్ధము. ఈ సీమలో సహజసరస్సు లేదని మొదటనే చెప్పితిమి. కృత్రిమములను తొలగించినచో ఇచ్చట తొలగింపక మిగులునదేమి?

మా పరిశీలనమున తేలినదిది. ఈ మూడు జిల్లాలలో వలసపక్షుల నివాసము ప్రకృతిదత్తము కాదు. ఒక విధమైన సేద్యమునకు అనుకోకుండ లభించిన ఫలము. ఆ సేద్యము మారినప్పుడు నివాసము మారినది. శీతోష్ణస్థితి మార్పు ఆ మార్పును తీవ్రమొనర్చుచున్నది. కావున రక్షణోపాయమును నీటి వాడుకయందే వెదకవలెను: పూడిక తీయునప్పుడు ఒక ప్రక్క వాలును, నడుమ దిబ్బను విడుచుట, ఎత్తిపోసిన నీటిని చెరువులన్నిటను ఒకే మట్టమున నింపక, కొన్నిటినైన మార్గశిరమునుండి మెల్లగ తగ్గనిచ్చుట, బోరుల సాగును చెరువు బలమునకు తగినట్లు నిలుపుట. ఇందేదియు క్రొత్త విద్య కాదు. నీటికిని భూమికిని పొత్తు కుదుర్చు పాత విద్యయే.

తెలుగు శాఖల పరిశోధకవిద్యార్థులకు ఇందు చేయదగిన పని గలదు. చెరువుల పేరులు, తూముల పేరులు, నీరటుల మాటలు, నీటిపక్షులకు గ్రామములలో గల పేరులు వృద్ధులతోనే పోవుచున్నవి. నీరుకాకి, గూడబాతు, జక్కవ, బెగ్గురు అను పదములు నిఘంటువున నున్నవి. ఏ ఊరిలో ఏ పక్షిని ఏ పేరున పిలుతురో వ్రాసికొన్నచో, ఏ నీట ఏ పక్షి యుండెనో తెలిసికొనుటకు అదియే శాసనమగును. శిలాశాసనము చెరువు కట్టినవారిని గూర్చి చెప్పినది. ఆ చెరువున దిగినవారిని గూర్చి చెప్పవలసినది మనము.